కొండ విత్తనం

తిరుపతికి తిరిగివచ్చి వారమైంది. మనసు ఇంకా ఉత్తరాఖండ్‌లో, మున్సియారీ దగ్గరి ఆ లోయలోనే ఉంది.

మేము దిగిన ఇంటి పెద్దావిడ ఇనుప మూకుడులో చిన్న గింజలు చిటపటలాడేదాకా వేయించి, పచ్చిమిరపకాయలు, కొత్తిమీర, ఉప్పు చేర్చి రాతిమీద నూరి, నిమ్మకాయ పిండారు. కమ్మగా, మన నువ్వుల పచ్చడిలాగే ఉంది. అవి గంజాయి గింజలని చెప్పగానే నా చేయి ఆగిపోయింది. గింజల్లో మత్తు ఉండదట. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కూడా పూత లేకుండా విడిగా ఉన్న గింజను గంజాయిగా లెక్కించదు.

తరువాత ఆ కాడల నారతో పేనిన తాడు చూపించారు. అరచేతిని గీరుకునేంత గరుకు, ఎంత లాగినా తెగని గట్టిదనం. ఆ విత్తనం బజారులో కొన్నది కాదు, తరతరాలుగా ఆ చలికి అలవాటుపడిన నాటు రకం. ఈ మొక్కల్లో ఆడ, మగ వేరువేరు. పుప్పొడిని గాలే మోస్తుంది. మత్తు వ్యాపారం కోసం ఎవరైనా బయటి సంకర విత్తనం తెచ్చి దగ్గర్లో నాటితే చాలు, పాత రకం కలుషితమైపోతుంది. ఆ మాట నన్ను ఇప్పటికీ కలవరపెడుతోంది.

చిత్తూరు దగ్గర మా ఊళ్లో అవ్వ అనప గింజలకు బూడిద పట్టించి కుండలో దాచేది. ఆ కుండ ఎప్పుడు ఖాళీ అయిందో మేమెవరమూ గమనించలేదు. ఆదివారం ఊరికి వెళ్తున్నాను. ఆ పాత అనప విత్తనం ఎవరింట్లోనైనా మిగిలి ఉందేమో ఇంటింటికీ వెళ్లి అడుగుతాను.