పది రూపాయల చదివింపు

మహబూబ్‌నగర్ వెళ్ళివచ్చానని చెప్పగానే అందరూ అడిగింది ఒకటే: పిల్లలమర్రి చూశావా? చూడలేదు. ఆ మర్రికి చెదలు పట్టి, 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించినప్పటి నుంచి చూడాలని ఉంది కానీ, ఈసారి నేను వెళ్ళింది పాట కోసం. ముగ్గురు కుర్రాళ్ళు సొంతంగా రాసుకుని, బాణీ కట్టుకుని పాడే పాటలు. సినిమాల్లో రావు, రేడియోలో రావు. రెండేళ్ళుగా హైదరాబాదులో వాళ్ళు ఎక్కడ పాడినా వెళుతున్నాను. వాళ్ళలో ఒకడిది పాలమూరు, అంటే ఈ మహబూబ్‌నగరే. సొంత ఊళ్ళో మొదటిసారి పాడుతున్నామక్కా, రమ్మన్నాడు.

ప్రవేశ రుసుము రెండు వందలు, అందులోనే ఒక టీ. నాకది ఎక్కువనిపించింది. బంజారాహిల్స్‌లో పాటలకూ నాటకాలకూ చోటిచ్చే లామకాన్‌లో అంతకంటే తక్కువ ఖర్చుతో, ఒక్కోసారి ఏ ఖర్చూ లేకుండా, ఎన్ని సాయంత్రాలు గడిపానో. అయితే ఈమధ్య నగరంలో కొన్నిచోట్ల ఐదు వందలు కట్టించుకుని, చేతికి కాగితం పట్టీ చుట్టి లోపలికి పంపుతున్నారు. పాట సాగుతున్నంతసేపూ వెనక బల్లల దగ్గర కబుర్లు ఆగవు. దానితో పోలిస్తే నయమేలే అనుకున్నాను.

హైదరాబాదు బస్టాండు ఎంజీబీఎస్‌లో ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్ళకిచ్చే ఉచిత సున్నా టికెట్ తీసుకున్నాను. షాద్‌నగర్ దాకా నిలబడే ప్రయాణం. జడ్చర్లలో కిటికీ పక్క సీటు దొరికింది కానీ అప్పటికి మిగిలింది పదిహేను కిలోమీటర్లే.

పాడే చోటు ఒక టీ హోటల్ మీద రేకుల షెడ్డు. నలభై ప్లాస్టిక్ కుర్చీలు, నిండినవి పాతిక. పగలంతా కాగిన రేకుల వేడికి గిటారు తీగలు సడలిపోతున్నాయి, పాట పాటకీ శ్రుతి చేసుకోవలసి వస్తోంది. మైకు స్పీకరుకు ఎదురుగా ఉండటంతో మొదటి రెండు పాటలూ కీచుమనే చప్పుడులో కొట్టుకుపోయాయి. నాకు చిరాకొచ్చింది. ఇంతదూరం వచ్చింది ఇందుకా అని కూడా అనిపించింది. మూడో పాటకు మైకు జరిపారు. అప్పుడు గొంతు గొంతులా వినిపించింది.

నాలుగోది ఆ పాలమూరు అబ్బాయి రాసిన పాట. వాళ్ళ నాన్న, కూలీలను పనికి తీసుకెళ్ళే గుంపు మేస్త్రీ దగ్గర ముందుగా డబ్బు తీసుకుని బొంబాయి పనికి వెళ్ళడం, ఏడాది తర్వాత తిరిగొస్తే కొడుకు గుర్తుపట్టకపోవడం అందులోని కథ. హైదరాబాదులో ఆ పాట కనీసం పదిసార్లు విని ఉంటాను. బాగుందని చప్పట్లు కొట్టేవాళ్ళం. దేశంలో ఎన్నో ఆనకట్టలకు రాళ్ళెత్తిన పాలమూరు కూలీల మధ్య ఆ పాట ఎలా ఉంటుందో నాకు తెలియదు.

రెండో చరణం మధ్యలో, గోడవారన నిలబడ్డ ఒక పెద్దాయన నేరుగా పాడేవాళ్ళ దగ్గరికి నడిచి వచ్చాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు. హోటలాయన తండ్రి అని తర్వాత తెలిసింది. జేబులోంచి పది రూపాయల నోటు తీసి గాయకుడి ముందుకు చాచి, చెవి దగ్గర ఏదో చెప్పాడు. గిటారు ఆగిపోయింది. నిర్వాహకులలో ఒక కుర్రాడు పెద్దాయనను కూర్చోబెట్టడానికి లేచాడు. గాయకుడికి ఏం చేయాలో తోచలేదు. ఎవరైనా పాట మధ్యలో డబ్బిస్తే ఏం చేయాలో మా చిన్న చిన్న సంగీత సభల్లో ఎవరూ నేర్పరు.

నాకు మాత్రం తెలుసు. మాది నకిరేకల్ దగ్గర పల్లె. మా నానమ్మ వాకిట్లో ఒగ్గు కథ చెప్పించిన రాత్రి నాకు ఎనిమిదేళ్ళు. డోలు దద్దరిల్లుతుంటే బీరప్ప కథ మంచి పట్టులో ఉంది. సరిగ్గా అప్పుడే మా నాన్న లేచి ఐదు రూపాయలు ఇచ్చాడు. కథకుడు కథ ఆపి, మా నాన్న పేరు, మా ఇంటి పేరు, ఊరి పేరు గొంతెత్తి పలికి, పిల్లాపాపలతో చల్లగా ఉండాలని దీవించి, డోలు మీద ఒక దరువు వేయించి మళ్ళీ కథలోకి వెళ్ళాడు. అలా ఆ రాత్రి పదిహేనుసార్లయినా ఆపి ఉంటాడు. కథ ఎక్కడ తెగిందా అని నేను ఏడుపు మొహం పెట్టుకుని కూర్చున్నాను. దాన్ని చదివింపు అంటారని అప్పుడే తెలిసింది.

కహోన్ అనే పెట్టె వాద్యం మీద కూర్చుని దాన్ని వాయిస్తున్నది ఆ పాలమూరు అబ్బాయే. వాడికీ తెలుసు. లేచి నోటు రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకున్నాడు. "ఎవరి పేరున, తాతా?" అని మైకులోనే అడిగాడు. పెద్దాయన తన పేరు చెప్పలేదు. తనతో పుణె దగ్గర ఆనకట్ట పనికి వెళ్ళి, తిరిగిరాని ఒక సావాసగాడి పేరు చెప్పాడు. ఆ పేరు ఇక్కడ రాయను. వాడు ఆ పేరును, ఊరిని గట్టిగా పలికి, పెట్టె మీద మూడుసార్లు దరువు కొట్టాడు. పాట రెండో చరణం మొదటి నుంచి మళ్ళీ మొదలైంది. కుర్చీల్లో ఎవరూ కదల్లేదు. ఆ పాటను నేను మొదటిసారి విన్నది అప్పుడే.

తర్వాత పాడినవేవీ నాకు సరిగా గుర్తులేవు. అయిపోయాక పెద్దాయన గిటారు మెడను వేలితో తడుముతూ, "దీనికి మెట్లెన్ని బిడ్డా?" అని నన్నే అడిగాడు. లెక్కపెడితే ఇరవై. కిన్నెరకు పన్నెండేనని, వెదురుకు సొరకాయ బుర్రలు కట్టిన ఆ వాద్యాన్ని చిన్నప్పుడు తమ ఇంటి ముందు వాయించేవారని చెప్పాడు. 2022లో పద్మశ్రీ అందుకున్న కిన్నెర మొగులయ్యది లింగాల మండలం అవుసలికుంట. ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా అంటున్నాం కానీ 2016 దాకా ఆ ఊరూ మహబూబ్‌నగర్ జిల్లాలోదే. ఇంటి ముందు వాయించేవాడికి జొన్నలు పోసి పేర్లు చెప్పించుకునేవాళ్ళమన్నాడు పెద్దాయన. నాకిచ్చిన టీకి పంచదార ఎక్కువైంది. ఆయన మాటలు వింటూ తాగేశాను.

తిరుగు ప్రయాణానికి దొరికింది డీలక్స్. అందులో సున్నా టికెట్ చెల్లదు, డబ్బు కట్టాను. కహోన్ అబ్బాయి కూడా నగరానికే వస్తున్నాడు. పెట్టెను ఒళ్ళో పెట్టుకుని నా పక్క సీట్లో కూర్చున్నాడు. వసూలైన డబ్బంతా సంచిలో ఉంది, ఆ పది నోటు మాత్రం చొక్కా జేబులో ఉంది.

"అక్కా, ఆ పేరు పాటలో పెడదామనుకుంటున్నా. తాతను అడిగాను, సరేనన్నాడు. కానీ తాళంలో ఇమడటం లేదు," అన్నాడు.

నాలుగక్షరాల పేరు. మొదట పల్లవిలో పెట్టి చూశాడు, ఎత్తుగడ దెబ్బతింది. ఊరి పేరు కలిపితే ఒక మాత్ర ఎక్కువవుతోంది. పక్కవాళ్ళు నిద్రపోతున్నారని పెట్టెను వేలి కొనలతోనే కొడుతున్నాడు, నేను మోకాలి మీద తాళం వేస్తున్నాను. బాలానగర్ దాటాక, పేరు ముందు పలికి ఊరిని తర్వాతి పాదంలోకి జరిపితే ఎలా ఉంటుందని అడిగాను. పాడి చూశాడు. మళ్ళీ పాడాడు. షాద్‌నగర్ దీపాలు కనబడేసరికి ఆ పేరు చివరి చరణంలో కుదిరింది.