ఉప్పు కొనుక్కున్న ఊళ్ళు

మా ఊరు చినగంజాం. విజయవాడ నుంచి చెన్నై వెళ్ళే రైలులో కిటికీ పక్కన కూర్చున్నవారికి చీరాల దాటిన కాసేపటికి తెల్లటి గుట్టలు కనిపిస్తాయి. అవి మా ఊరి ఉప్పు కుప్పలు. ఉప్పు పండే చోట పుట్టినవాడికి రెండు అలవాట్లు ముసలితనంలో కూడా వదలవు. ఎక్కడికి వెళ్ళినా ముందుగా అక్కడి మంచినీళ్ళు రుచి చూస్తాడు, ఎందుకంటే చిన్నప్పుడు అతని ఇంటి బావిలో ఉన్నవి ఉప్పునీళ్ళు. ఆ తరువాత వంటింట్లో ఉన్న ఉప్పు ఎక్కడిదని అడుగుతాడు. ఉన్నత పాఠశాలలో తెలుగు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన నేను, అమ్మాయి ఉద్యోగం పుణ్యమా అని ఐరోపాలో కొన్ని ఊళ్ళు చూశాను. చూసిన ఊళ్ళు పది దాకా ఉంటాయి కాని, ఉన్న ఊళ్ళు రెండే. ఉప్పు పొట్లం కొనుక్కున్న చోట మాత్రమే ఉన్నట్టు అని నా లెక్క. హోటల్ బల్ల మీది ఉప్పుబుడ్డిని ఆ లెక్కలోకి తీసుకోను.

మా వంటి తల్లిదండ్రులకు, ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండే వీలు లేదు. అందువల్ల 2016 మే నెలలో వియన్నా చేరినప్పుడు మా ఆవిడ కందిపొడి, చింతపండు, ఎండుమిరపకాయలను మూడు నెలలకు సరిపడా కొలిచి తెచ్చింది. ఉప్పు మాత్రం తేలేదు. ఉప్పు ఎక్కడైనా దొరుకుతుంది కదా అనుకున్నాం. మేము దిగింది ఆదివారం. అమ్మాయి అంతకు వారం ముందే ఫావొరీటెన్ అనే పదవ వార్డులో కొత్త ఇంటికి మారింది. మధ్యాహ్నం భోజనం ఆఫీసులో, రాత్రి రొట్టె ముక్కతో గడుపుకునే పిల్ల ఇంట్లో ఉప్పు నిండుకుందని, అన్నం పొయ్యి మీద పెట్టాక గాని తెలియలేదు. వియన్నాలో ఆదివారం దుకాణాలు తెరవరు. రైల్వే స్టేషన్లలో ఉన్న ఒకటి రెండు తప్ప వీధి వీధంతా మూసే ఉంటుంది. నేను చెప్పులు వేసుకుని స్టేషనుకు బయలుదేరబోతుండగా తలుపు గంట మోగింది.

ఎదురింటి పెద్దావిడ, ఎనభై ఏళ్ళు ఉంటాయి, చేతిలో ఒక గుండ్రటి రొట్టె, దాని పక్కన చిన్న గిన్నెలో ఉప్పు పట్టుకుని నిలబడి ఉంది. కొత్త కాపురం పెట్టినవారికి రొట్టె, ఉప్పు తీసుకెళ్ళి ఇవ్వడం అక్కడి ఆచారమట. ఆవిడ గిన్నె అందించబోతే మా ఆవిడ చేతులు వెనక్కి లాక్కుంది. ఉప్పు చేతికి ఇస్తే తగవులు వస్తాయన్న మన పట్టింపును జర్మను భాషలో ఎలా చెప్పాలో అమ్మాయికి తోచలేదు. బల్ల మీద పెట్టమని సైగ చేసింది. ఆవిడ బల్ల మీద పెట్టి, నవ్వి, వెళ్ళిపోయింది. ఏమనుకుందోనని మా ఆవిడ ఆ రోజంతా మథనపడి, మర్నాడు అదే గిన్నెలో పులిహోర పెట్టి నన్ను పంపింది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదన్న నియమం కూడా మనకు ఉంది కదా. ఆ తరువాత మేము ఉన్నన్నాళ్ళు ఆ గిన్నె రెండు గుమ్మాల మధ్య తిరుగుతూనే ఉంది. ఆవిడకు ఇంగ్లీషు రాదు, మాకు జర్మను రాదు. చింతపండు పులుపు మాత్రం ఆవిడకు నచ్చలేదని గిన్నె తిరిగివచ్చిన వేగాన్ని బట్టి గ్రహించాం.

సోమవారం నేను స్వయంగా వెళ్ళి ఉప్పు కొన్నాను. అట్టపెట్టె మీద బాద్ ఇష్ల్ అని ఊరి పేరు ఉంది. ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ వేసవి విడిది ఆ ఊరే. 1914 జులైలో సెర్బియా మీద యుద్ధ ప్రకటనకు ఆయన సంతకం చేసింది కూడా అక్కడే. ఆ కొండల ఉప్పు సముద్రపుది కాదు. గనుల్లో నీరు నింపి, ఉప్పు కరిగాక ఆ నీటిని పైకి తెచ్చి మరగబెడతారు. పక్కనే ఉన్న హాల్‌స్టాట్‌లో కొన్ని వేల సంవత్సరాలుగా ఉప్పు తీస్తున్నారు. ఎండలో మడులు కట్టి ఉప్పు పండించే ఊరివాణ్ణి కనుక, ఉప్పును కొండ లోపలి నుంచి తీయడం నాకు ఎంత చదివినా వింతగానే ఉండిపోయింది.

నీళ్ళ సంగతి మరీ వింత. వియన్నాలో కొళాయి తిప్పితే వచ్చేది ఆల్ప్స్ కొండల ఊటనీరు. 1873లో పూర్తయిన మొదటి కాలువ సుమారు 95 కిలోమీటర్ల దూరం నుంచి, 1910లో పూర్తయిన రెండవది సుమారు 180 కిలోమీటర్ల దూరం నుంచి, మోటార్ల అవసరం లేకుండా పల్లానికి పారే నీటి స్వభావం మీదే ఆధారపడి ఊరికి నీళ్ళు తెస్తున్నాయి. అంతకుముందు ఊరి బావుల నీళ్ళు తాగి జనం కలరా, టైఫాయిడ్లతో చనిపోయేవారు. కొండల నుంచి నీళ్ళు తేవాలని నగరసభలో పట్టుబట్టి సాధించినవాడు ఎడ్వర్డ్ స్యూస్ అనే భూగర్భ శాస్త్రవేత్త. ఒకప్పుడు దక్షిణ ఖండాలన్నీ కలిసి ఉన్న నేలకు గోండ్వానాలాండ్ అని పేరు పెట్టినవాడు కూడా ఆయనే. ఆదిలాబాదు అడవుల్లో ఉండే గోండుల పేరు భూమి చరిత్రలోకి ఎక్కడం, ఆ పేరు పెట్టినవాడు తెచ్చిన నీళ్ళను చినగంజాం మనిషి గ్లాసులో పట్టుకుని తాగడం తలచుకుంటే నాకు ఆ గ్లాసు దించబుద్ధి కాలేదు. ష్వార్జెన్‌బెర్గ్ చౌకులో ఆ మొదటి కాలువ గుర్తుగా కట్టిన పెద్ద ఫౌంటెన్ ఉంది. సాయంత్రాలు ట్రాము దిగి దాని దగ్గర కూర్చునేవాణ్ణి. అక్కడి నుంచి పోయే 71వ నంబరు ట్రాము ఊరి పెద్ద శ్మశానానికి వెళ్తుంది. బీతోవెన్, షూబర్ట్ సమాధులు అందులోనే ఉన్నాయి. ఎవరైనా పోతే 71 ఎక్కాడు అంటారట వియన్నావాళ్ళు. మన వాళ్ళు టికెట్ తీసుకున్నాడు అనడం గుర్తొచ్చి, ఎవరికీ చెప్పుకోలేక నాలో నేనే నవ్వుకున్నాను.

వియన్నా సంగీతాన్ని గురించి నాకు చెప్పే అర్హత లేదు, కాని ఒపేరా భవనంలో నిలబడి చూసే టికెట్లు ఉంటాయని, అప్పట్లో అవి మూడు నాలుగు యూరోలకే దొరికేవని తెలిసి ఒకసారి వెళ్ళాం. 1869లో ప్రారంభమైన ఆ భవనం 1945 మార్చిలో బాంబుల దాడిలో చాలా వరకు కాలిపోయి, 1955లో మళ్ళీ తెరుచుకుంది. నిలబడే చోట ముందు ఒక కమ్మీ ఉంటుంది. వచ్చినవాళ్ళు దానికి తమ మెడగుడ్డ కట్టి, ఇది మా చోటు అని గుర్తు పెట్టుకుని, బయటికి వెళ్ళి కాఫీ తాగి వచ్చేవారు. ఆ కట్టిన గుడ్డను ఎవరూ కదిలించేవారు కాదు. మన ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపే శాస్త్రం ఇంత పెద్ద చోట కూడా చెల్లుబాటవుతోందని చూసి, నేను నా కండువా తీసి ఘనంగా కట్టాను. నాటకం మొదటి అంకంలోనే మా ఆవిడకు కాళ్ళు నొప్పి పుట్టాయి. రెండవ అంకం వినకుండానే కండువా విప్పుకుని వచ్చేశాం.

ఆ జులైలోనే వారం రోజులు ప్రాగ్ వెళ్ళాం. అందం విషయానికి వస్తే నేను చూసిన ఊళ్ళలో అదే మొదటిది, కాని హోటల్లో దిగాం కనుక నా లెక్కలోకి రాదు. అక్కడి చార్లెస్ వంతెనకు 1357వ సంవత్సరం, తొమ్మిదవ తేదీ, ఏడవ నెల, ఉదయం ఐదు గంటల ముప్పై ఒక్క నిమిషానికి పునాదిరాయి వేశారని చెప్పుకుంటారు. ఆ అంకెలన్నీ వరుసగా రాస్తే 1, 3, 5, 7, 9, 7, 5, 3, 1 అని ఎటునుంచి చదివినా ఒకటే. జ్యోతిష్కులు పెట్టిన ముహూర్తమట. నిజమో కాదో గాని, ముహూర్తాల మీద నమ్మకం లేని మా అమ్మాయి తెల్లవారుజామున ఐదింటికే మమ్మల్ని లేపి ఆ వంతెన మీదికి తీసుకెళ్ళింది. ఆ వేళకు వంతెన మీద నలుగురే ఉన్నారు. గంట తిరిగేసరికి నాలుగు వందల మంది. ఊరికి వాయవ్యాన దెయ్‌విత్సె అనే పేటలో రవీంద్రుని పేరు మీద ఒక వీధి ఉంది. దాని బోర్డు చెకు భాషలో ఉండడం వల్ల ఠాకూర్ అన్న మాటను పోల్చుకోవడానికి నాకు కాస్త సమయం పట్టింది.

అమ్మాయి ఉద్యోగం మారి లిస్బన్ చేరాక, 2019 ఏప్రిల్‌లో మళ్ళీ బయలుదేరాం. గ్రాసా అనే గుట్ట మీద, 28వ నంబరు ట్రాము గోడలను రాసుకుంటూ పోయే సందులో, మూడవ అంతస్తు ఇల్లు. ఇంటావిడ మాకు ఒక్కొక్క గదీ చూపిస్తూ పోర్చుగీసులో వస్తువుల పేర్లు చెప్పుకుంటూ పోయింది. బీరువా దగ్గర నిలబడి అర్మారియు అన్నప్పుడు నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. అది మన అల్మారా. స్నానాలగదిలో తువాల్య అంది. అది మన తువ్వాలు. ఆ మాటలు పోర్చుగీసు నుంచి వచ్చాయని ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణే గాని, పుట్టింట్లో ఉండగా వాటిని చూడడం అదే మొదలు. ఆ రెండు నెలలూ నాకు అదే పని అయింది. బజారులో అనాసపండు అననాష్, సారా పీపా పీపాయే. మన మేస్త్రీ అక్కడి మెష్త్ర్, మన వేలం అక్కడి లెయిలావ్, మన బొత్తాం అక్కడి బొతావ్. అన్నిటికన్నా నన్ను ముగ్ధుణ్ణి చేసింది కాజా. దర్జీ చొక్కాకు కుట్టే కాజా, పోర్చుగీసులో ఇల్లు అనే అర్థం ఉన్న కాజా, రెండూ ఒకటే మాట. బొత్తాం ఉండే ఇల్లు కనుక అది కాజా. ఒక్క ఇస్త్రీ దగ్గర మాత్రం భంగపడ్డాను. ఆ మాటకు మూలమైన క్రియకు అక్కడ సాగదీయడమనే అర్థమే మిగిలింది. బట్టలకు చేసే పనికి వాళ్ళు వేరే మాట వాడుతున్నారు. నేను చొక్కా చూపించి ఇస్త్రీ అంటే ఇంటావిడ దాన్ని పట్టుకుని రెండువైపులా లాగి చూసింది.

మా ఆవిడ లిస్బన్‌ను ప్రేమించింది మాటల వల్ల కాదు, కొత్తిమీర వల్ల. వియన్నాలో టర్కీవాళ్ళ కొట్లలో వెతుక్కున్న కొత్తిమీర, ఇక్కడ ప్రతి కూరగాయల దుకాణంలో కట్టలు కట్టలుగా ఉంది. పోర్చుగీసువాళ్ళు రొట్టె పులుసులో కూడా ధారాళంగా వేస్తారు. మిరపకాయను మన దేశానికి తెచ్చినవాళ్ళు తమ వంటలో దాన్ని అంత పొదుపుగా ఎందుకు వాడుతున్నారో మాత్రం ఆమెకు అంతుపట్టలేదు. జూన్ 12 రాత్రి సెయింట్ ఆంథోనీ పండుగకు మా సందంతా సార్డీన్ చేపలు కాల్చిన పొగతో నిండిపోయింది. శాకాహారులమైన మేము కిటికీలు బిగించుకుని కూర్చున్నాం. అయినా ఇంటావిడ వచ్చి, ఆ పండుగకు ఒకరికొకరు ఇచ్చుకునే చిన్న మొక్క కుండీ ఒకటి ఇచ్చింది. సన్నటి ఆకులతో బంతిలా గుబురుగా ఉన్న ఆ మొక్క మన సబ్జాకు, తులసికి చుట్టం. దాన్ని ముక్కు పెట్టి వాసన చూడకూడదట, అలా చేస్తే వాడిపోతుందట; అరచేత్తో నిమిరి, ఆ చేతిని వాసన చూడాలి. మా ఆవిడ దాన్ని కిటికీలో పెట్టి, మర్నాటి నుంచి స్నానం చేశాక గాని నీళ్ళు పోసేది కాదు.

1755 నవంబరు 1న వచ్చిన భూకంపంలో కూలిన కార్మో మఠాన్ని ఇప్పటికీ పైకప్పు లేకుండా అలాగే ఉంచారు. రాతి కమానుల మధ్య నుంచి ఆకాశం కనిపిస్తుంది. బేలెమ్ అనే పేటలోని చర్చిలో వాస్కోడగామా సమాధి కూడా చూశాం. కొచ్చిలో పోయినవాణ్ణి అంత దూరం తెచ్చుకున్నారు. ఆ చర్చి పనితనానికి చేతులు జోడించాను గాని, ఆయన ముందు ఎక్కువసేపు నిలబడలేదు.

తిరిగి రావడానికి నాలుగు రోజుల ముందు, మేము కొనుక్కున్న ఉప్పు పొట్లం మీద ఒక పేరు చూసి, అక్కడికి వెళ్ళి తీరాలని నేను పట్టుబట్టాను. ఆవేరు ఊరు లిస్బన్‌కు ఉత్తరాన, రైలులో రెండు గంటలకు పైగా ప్రయాణం. స్టేషను నుంచి కాలువ వెంబడి నడిచి ఊరు దాటితే, సముద్రపు పాయ పక్కన చతురస్రాలుగా ఉప్పు మడులు. మా చినగంజాంలో ఫిబ్రవరి, మార్చి ఎండలకు మొదలయ్యే పని అక్కడ జూన్‌లో అప్పుడే మొదలవుతోంది. మడిలో బురద తీసి గట్లు మెత్తుతున్నారు. మా ఊళ్ళో ఉన్నటువంటి, పొడవాటి కర్రకు అడ్డంగా చెక్క పలక బిగించిన పనిముట్టు ఒకటి గట్టు మీద ఉంది. నేను అడిగి, దాన్ని తీసుకుని, మా నాన్న చూపించినట్టు రెండుసార్లు లాగాను. అక్కడి పనివాడు నా వెనక నిలబడి, నా మోచేతిని కాస్త కిందికి దించాడు.

అక్కడ కొన్న కిలో రాళ్ళ ఉప్పు మాతో పాటు చినగంజాం వచ్చింది. కాలం దాటిపోయినా ఎక్కడో నాలుగు మామిడికాయలు సంపాదించి, మా ఆవిడ ఆ ఉప్పుతో చిన్న జాడీడు ఆవకాయ పెట్టింది. మూడవ రోజు తిరగగలిపి, ముందుగా మా పిన్నికి పెట్టింది. ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించి, "ఎక్కడి ఉప్పోగాని అమ్మాయ్, ఇంకో చారెడు పడుద్ది" అంది.