ముందు షాకులు: ఎడమ వైపు అయింది, కుడి వైపు మిగిలింది

ఎప్పటినుంచో వాయిదా వేస్తున్న, కారు ముందు షాకులు (షాక్ అబ్జార్బర్లు) మార్చే పని ఈ ఆదివారం మొదలుపెట్టాను. ఎడమ వైపుకే నాలుగు గంటలు పట్టింది, అందులో గంటన్నర ఒక్క నట్టు దగ్గరే పోయింది.

టూల్స్ సమకూర్చుకునేటప్పుడు నా భయమంతా షాక్ చుట్టూ ఉండే స్ప్రింగ్‌ని నొక్కిపట్టే స్ప్రింగ్ కంప్రెసర్ గురించే. వందల కిలోల బలంతో బిగబట్టి ఉన్న స్ప్రింగ్ కొక్కెం జారి ఎగిరితే ప్రాణం మీదకే వస్తుంది కదా. అందుకని మరలకు గ్రీజు పూసి, రెండు కొక్కేలనూ సరిగ్గా ఎదురెదురుగా పెట్టి, ఇటు రెండు చుట్లు అటు రెండు చుట్లు చొప్పున చేత్తోనే బిగించాను. ఇంపాక్ట్ గన్ జోలికి పోలేదు. స్ప్రింగ్ తన గిన్నెలో వదులై చేత్తో కదిలేదాకా షాక్ రాడ్ కొసనున్న పై నట్టు ముట్టుకోకూడదు, ఇందులో బేరాల్లేవు.

తీరా చూస్తే నన్ను ఏడిపించింది ఆ పై నట్టే. మామూలు సాకెట్ వేసి తిప్పితే నట్టుతో పాటు షాక్ రాడ్ కూడా గిర్రున తిరుగుతుంది. రాడ్ కొసన అలెన్ కీ పట్టే గుంట ఉంది, దాన్ని కదలకుండా పట్టుకుని నట్టు విప్పాలి. అయితే నట్టు టాప్ మౌంట్ (షాక్‌ని పైన బాడీకి పట్టి ఉంచే భాగం) లోపల లోతుగా ఉంది, రింగ్ స్పానర్ అంత లోతుకి దిగదు, సాకెట్ పెడితే అలెన్ కీకి దారి మూసుకుపోతుంది. రాడ్‌ని ప్లయర్‌తో పట్టుకుందామా అని ఒక్క క్షణం అనిపించింది. పాత షాక్ ఎలాగూ పోయేదే కాబట్టి తీసేటప్పుడు నడుస్తుందేమో గానీ, కొత్తదానికి అలా చేస్తే రాడ్ మీద గీత పడి సీల్ కోసుకుపోతుంది, నెలల్లో ఆయిల్ కారుతుంది.

దీనికోసమే మధ్యలో ఆరపార బెజ్జం ఉన్న సాకెట్లు దొరుకుతాయి. నా దగ్గర అది లేదు, చివరికి పాత స్పార్క్ ప్లగ్ సాకెట్ గుర్తొచ్చింది! కొన్నిటికి వెనక భాగం ఆరు పలకలుగా ఉంటుంది. లోపలి రబ్బరు పీకేసి నట్టు మీద కూర్చోబెట్టి, వెనక పలకలకు స్పానర్ వేసి, రాట్చెట్ దూరే చదరపు బెజ్జంలోంచి అలెన్ కీ దించాను. సైజు కలవడం నా అదృష్టం. రెండు నిమిషాల్లో నట్టు వచ్చేసింది.

కింద నకిల్‌కి (చక్రాన్ని మోసే భాగానికి) ఉన్న రెండు బోల్టులు ముందురోజు రాత్రి తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచడం వల్ల పెద్దగా మొరాయించలేదు. అవి తీసేముందు వాటి చోటు పెయింట్‌తో గుర్తు పెట్టుకున్నాను, కాంబర్, అంటే చక్రం లోపలికో బయటికో వాలే కోణం, వాటి మీదే ఆధారపడుతుంది కాబట్టి. నా బండిలో బోల్టు తల కింద పళ్లున్నాయి, అంటే తలను పట్టుకుని నట్టు మాత్రమే తిప్పాలి. సుత్తితో బోల్టు వెనక్కి కొట్టేటప్పుడు నట్టుని కొస వరకు ఎక్కించి కొడితే మర చెడదు. బ్రేక్ గొట్టం, ఏబీఎస్ తీగల క్లిప్పులు ముందే విప్పి, నకిల్ బయటికి వాలిపోకుండా తీగతో కట్టాను.

బిగింపు మాత్రం హాయిగా సాగింది. స్ప్రింగ్ కొస గిన్నెలోని మెట్టుకి ఆనిందో లేదో రెండుసార్లు చూసుకున్నాను. అన్నీ కొత్త లాక్ నట్లే వేసి, సర్వీస్ మాన్యువల్‌లోని అంకెలకు టార్క్ రెంచ్‌తో బిగించాను.

కుడి వైపు వచ్చే ఆదివారం. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది పెట్టుకుని తిరగడం నాకు ఇష్టం లేదు, అందుకే బండి ఇంకా స్టాండ్ల మీదే ఉంది. ఈలోపు ఆ బెజ్జం సాకెట్ సెట్టు తెచ్చుకోవాలి. వీల్ అలైన్‌మెంట్ రెండూ అయ్యాకే.