నోటుబుక్కులో ఎడమ పేజీ

1987లో మా వైపు తొలకరి బాగా పడింది. తిరుత్తణి దగ్గర మా ఊరి బీళ్లలో పచ్చిక ఏపుగా లేచింది. ఆ వారంలోనే మా మందలో పదకొండు గొర్రెపిల్లలు పోయాయి. సాయంత్రం గంతులేసిన పిల్ల తెల్లారేసరికి తల వెనక్కి విరుచుకుని, కాళ్లు కొట్టుకుంటూ కనిపించేది. పరిగెత్తి నాన్నను పిలుచుకొచ్చేలోపు చచ్చిపోయేది. నాన్న దాన్ని చిటుక రోగం అన్నాడు. చిటికె వేసినంతలో ప్రాణం తీస్తుంది కాబట్టి ఆ పేరట. నాయనమ్మ మాత్రం దిష్టి అంది. "చూడవే, బక్కపిల్ల ఒక్కటైనా పోయిందా? నిగనిగలాడేవే పోతున్నాయి" అని ఏడ్చింది.

మరుసటి ఏడాది నాకు మద్రాసు పశువైద్య కళాశాలలో సీటొచ్చింది. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది కాబట్టి మాకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. రైలెక్కి సెంట్రల్‌లో దిగితే అక్కణ్ణుంచి కాలేజీ ఉన్న వేపేరి ఎంతో దూరం లేదు. 1903లో మొదలైన కాలేజీ అది. 1936లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధమై పశువైద్యంలో డిగ్రీ చదువు మొదలుపెట్టింది. 1955లో ఆంధ్రకు సొంత కళాశాల వచ్చేదాకా మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల నుంచి పశువైద్యం చదవాలనుకున్నవాళ్లు ఇక్కడికే వచ్చేవారు. మేం చేరినప్పుడు కాలేజీ కోయంబత్తూరులోని వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉండేది. 1989 సెప్టెంబరు 20న పశువైద్యానికే విడిగా విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో అలాంటిది అదే మొదటిది. హాస్టల్లో ఆ రోజు మాకు పండగే.

చెప్పాలనుకున్నది మాత్రం మా మైక్రోబయాలజీ సార్ గురించి. ఆయన ఇప్పుడు లేరు. మొదటి క్లాసులోనే అందరి చేతా పెద్ద నోటుబుక్కులు కొనిపించారు. కుడి పేజీ మనది, ఎడమ పేజీ పశువు తెచ్చినవాళ్లది అన్నారు. వాళ్లు ఏ భాషలో ఏ మాట అంటే ఆ మాటే ఎడమ పేజీలో రాయాలి. ఇంగ్లీషులోకి మార్చకూడదు, మనం సరిదిద్దకూడదు. జ్వరమెంత, నాడి ఎంత, స్లయిడ్ మీద ఏం కనిపించింది అన్నవి కుడి పేజీలోకి వెళ్లాలి.

అప్పట్లో నగరంలో ఎనుములు చాలా ఉండేవి. చూళై నుంచి, పులియంతోపు నుంచి తెలుగు పాలవాళ్లు వాటిని కాలేజీ ఆసుపత్రికి తోలుకొచ్చేవారు. డాక్టరుతో తమిళంలో రెండు ముక్కలు చెప్పి ఊరుకునేవాళ్లు, నేను తెలుగులో పలకరిస్తే అన్నీ చెప్పుకునేవారు. ఒకాయన తన ఎనుము గురించి "నాలుగు రోజులుగా పల్లం దిగనంటుందక్కా, మెట్టెక్కమంటే ఎక్కుతుంది" అన్నాడు. నేను ఎడమ పేజీలో రాసుకున్నాను. సార్ చదివి, ఆ ఎనుము ముందుకాళ్ల మధ్య గంగడోలు దగ్గర వాపుందేమో చూడమన్నారు. ఉంది. మేతతోపాటు మింగిన తీగముక్క పొట్టలోంచి గుండె వైపు గుచ్చుకుంటే పశువు పల్లం దిగడానికి భయపడుతుంది, దిగితే పొట్టలోని బరువంతా ముందుకు జరిగి నొప్పి పెరుగుతుంది. పుస్తకంలో అది ఉంది. నేను చదివాను కూడా. కానీ అడగాలని నాకు తోచలేదు, ఆ పాలాయనే చెప్పాడు. ఆ ఎనుము బతకలేదు. గుండె చుట్టూ చీము పట్టేసింది.

క్లాసులో ఏ జబ్బు మొదలుపెట్టినా సార్ ముందు మీ ఇంట్లో దీన్నేమంటారని అడిగేవారు. బ్లాక్ క్వార్టర్ అనే పశువుల జబ్బు పాఠం వచ్చిన రోజు తమిళ పిల్లలు 'సప్పై' జబ్బు అన్నారు, అంటే వెనక తుంటి. నేను జబ్బవాపు అన్నాను. తుంటి ఒకరిది, జబ్బ ఇంకొకరిది. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. బోర్డు మీద ఎద్దు బొమ్మ గీసి, కండ ఎక్కువున్న చోట్లు రంగు సుద్దతో పూశారు. తుంటి, జబ్బ రెండూ అందులో ఉన్నాయి. ఆ క్రిమి కండలో పెరిగి గాలి పుట్టిస్తుంది, వాపు మీద చెయ్యి వేసి నొక్కితే కరకరమంటుంది. తమిళ రైతు వెనక చూశాడు, తెలుగు రైతు ముందు చూశాడు, ఇద్దరూ సరిగ్గానే చూశారు అన్నారు. నాకు ఈరోజుకీ జబ్బవాపు అనగానే ఆ బొమ్మే గుర్తొస్తుంది.

చిటుక రోగం పాఠం వచ్చినప్పుడు నేను లేచి మా పదకొండు పిల్లల సంగతి చెప్పాను, నాయనమ్మ దిష్టి అందని కూడా చెప్పాను. కాస్త టెన్షన్ పడుతూనే చెప్పాను. ఆయన ఆ మాటను నా చేతే ఎడమ పేజీలో రాయించారు. తర్వాత విడమరిచి చెప్పారు. క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ డి రకం క్రిమి గొర్రె పేగులో మామూలుగానే కొద్దిగా ఉంటుంది. ఉన్నట్టుండి లేతగడ్డి, గింజలు ఎక్కువగా తింటే అరగని పిండిపదార్థం చిన్నపేగులోకి దిగుతుంది, క్రిమి అక్కడ విపరీతంగా పెరిగి విషం వదులుతుంది. ఆ విషం రక్తంలో కలిసి మెదడును కొడుతుంది, మూత్రపిండాన్ని గుజ్జు చేస్తుంది. బాగా తినే పిల్లే ఎక్కువ విషం తెచ్చుకుంటుంది. బక్కపిల్ల తినదు కాబట్టి మిగులుతుంది. మీ నాయనమ్మ చూసింది అక్షరాలా నిజం, కారణం వెతకడానికే మనకీ డిపార్టుమెంటు ఉంది అన్నారు. ఆ రాత్రి హాస్టల్లో కూర్చుని నాన్నకు నాలుగు పేజీల ఉత్తరం రాశాను. వానలకు ముందే టీకా వేయించు, కొత్త పచ్చిక మీదకు మందను ఒక్కసారిగా వదలకు అని. ఆ ఏడాది నుంచి నాన్న వేయించాడు.

లాబ్‌లో మాత్రం ఆయన వేరే మనిషి. దొమ్మ, అంటే ఆంత్రాక్స్, అనుమానం ఉన్న చచ్చిన పశువును కోయకూడదని ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. కోస్తే గాలి తగిలి క్రిమి గట్టి బీజంగా మారుతుంది, ఆ బీజం మట్టిలో దశాబ్దాలు బతుకుతుంది. రక్తపుచుక్కను స్లయిడ్ మీద పూసి రంగు వేస్తే నీలం కడ్డీల చుట్టూ ఊదారంగు పొర కనిపించాలి. అది కనిపించేదాకా ఎవరినీ కదలనిచ్చేవారు కాదు.

ఎంవీఎస్సీ, అంటే పశువైద్యంలో పీజీ, ఆయన దగ్గరే చేశాను. అప్పుడే కోళ్ల కొక్కెర తెగులు మీద ఆసక్తి పుట్టింది. పుస్తకాల్లో దాన్ని రాణిఖేత్ జబ్బంటారు. టీకా ఎప్పటినుంచో ఉంది. కానీ సీసా విప్పితే వంద కోళ్లకు సరిపోతుంది, నాయనమ్మకేమో ఉన్నవి ఆరు కోళ్లు. పైగా అది ఐసులో ఉండాలి. ఒక ఎండాకాలం థర్మాస్ ఫ్లాస్కులో ఐసు వేసి, అందులో సీసా పెట్టి రైల్లో మా ఊరికి తీసుకెళ్లాను. ఇంటికి చేరేసరికి ఐసు నీళ్లయిపోయింది. అయినా వేశాను. నెల తిరక్కుండా ఆరింటిలో నాలుగు పోయాయి. దీన్ని కూడా ఎడమ పేజీలో రాయమన్నారు సార్, ఈసారి పశువు యజమాని నువ్వే అన్నారు. తర్వాతి కాలంలో మన విశ్వవిద్యాలయం నుంచి వేడిని తట్టుకునే డి58 వైరస్‌తో, కోళ్లకు మేతలా వేసే గుళికల టీకా వచ్చింది. సూది అక్కర్లేదు, కోడిని పట్టుకునే పనే లేదు. మన డిపార్టుమెంట్ల ఘనతల్లో నా వరకు అదే పెద్దది. కోట్ల వ్యాపారమున్న ఫారాలను కాదు, పెరట్లో ఆరు కోళ్లున్న మనిషిని తల్చుకుని చేసిన పని అది.

ఇక పశువుల పెద్దరోగం సంగతి. తమిళంలో వెక్కై అంటారు, పుస్తకంలో రిండర్‌పెస్ట్. నేను చదివే రోజుల్లో అది పరీక్షలో తప్పక వచ్చే ప్రశ్న. నోట్లో పుళ్లు, కంట నీరు, నెత్తురు విరేచనాలు అని వరసగా వల్లెవేసేవాళ్లం. తన చిన్నతనంలో ఎడ్ల కొట్టాలకు కొట్టాలే ఖాళీ అయ్యాయని నాన్న చెప్పేవాడు. ఊరూరా టీకాలు వేశారు. నేను ఎంవీఎస్సీ ముగించిన 1995లోనే దేశంలో చివరి కేసులు నమోదయ్యాయి, అవీ తమిళనాడులోనే. తర్వాత టీకా ఆపేసి, జబ్బు ఇంకా ఎక్కడైనా దాగి ఉందా అని ఏళ్ల తరబడి వెతికారు. 2006లో భారతదేశానికి ఆ జబ్బు లేదని ప్రకటించారు, 2011లో ప్రపంచానికే లేదన్నారు. మనుషుల మశూచి తర్వాత భూమ్మీద నుంచి పూర్తిగా పోయిన జబ్బు ఇదొక్కటే. 2011లో ఆ వార్త విని సార్‌కు ఫోన్ చేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆ పేజీ చించొద్దు" అన్నారు.

పోయిన ఏడాది డిపార్టుమెంటుకు వెళ్లినప్పుడు నా పాత నోటుబుక్కు వెంట తీసుకెళ్లాను. మూడో సంవత్సరం చదువుతున్న ఒకమ్మాయి పక్కన కూర్చుని పేజీలు తిప్పింది. పశువులున్న ఇంటి పిల్లే, వాళ్లది ధర్మపురి వైపు. ఎడమ పేజీల్లో తమిళ మాటలన్నీ గడగడా చదివేసింది. ఒకచోట ఆగి, మాట మీద వేలు పెట్టి, "మేడమ్, వెక్కై అంటే ఏమిటి?" అని అడిగింది.