ప్రామ్ మీద మౌఖిక పరీక్ష: రెండోసారికి గట్టెక్కిన వైనం

నిన్న మధ్యాహ్నం నా పీహెచ్‌డీ మౌఖిక పరీక్ష ముగిసింది. ఇది రెండో ప్రయత్నం. మొదటిసారి ఏ ప్రశ్న దగ్గర బోల్తా పడ్డానో ఆ మంట చల్లారకముందే రాసిపెట్టాలని కూర్చున్నాను.

రాత పరీక్ష గురించి చెప్పుకోవలసింది ఏమీ లేదు. చదవవలసిన పత్రాల జాబితాకు ఒక్క సంతకంతో ఆమోదం వచ్చింది. పరీక్ష తేదీ కోసం మాత్రం విభాగ కార్యాలయానికి నాలుగుసార్లు తిరిగాను, తిరిగిన ప్రతిసారీ కొత్త ఫారం చేతిలో పెట్టారు. ఈమెయిలు పంపి జవాబు కోసం ఎదురుచూసేవారు ఎదురుచూస్తూనే ఉంటారు కనుక, స్వయంగా వెళ్లి బల్ల ముందు నిలబడడమే మేలు.

నేను ఎంచుకున్న అంశం ఉమ్మడి మెమరీ మీద పనిచేసే సమాంతర యంత్రాల సైద్ధాంతిక శక్తి. 1978లో ఫార్చూన్, వైలీ ప్రతిపాదించిన ప్రామ్ (పారలల్ రాండమ్ యాక్సెస్ మెషీన్) నమూనాలో ఎన్నో ప్రాసెసర్లు ఒకే మెమరీని పంచుకుంటాయి. ఒక్కో అడుగులో ప్రతి ప్రాసెసరూ ఒక గడిని చదివి, లోపల లెక్క చేసుకుని, కావాలంటే ఒక గడిలో రాస్తుంది. ఒకే గడిని ఒకేసారి పలు ప్రాసెసర్లు చదవవచ్చా, పలు ప్రాసెసర్లు రాయవచ్చా అన్నదాన్ని బట్టి ఇందులో రకాలు ఏర్పడతాయి. ఈ యంత్రానికి పట్టే సమయానికీ మామూలు వరుస యంత్రానికి కావలసిన మెమరీకీ మధ్య తేడా బహుపది స్థాయిని మించదన్న, అంటే ఒకటి మరొకదాని ఏదో ఒక స్థిర ఘాతాన్ని దాటదన్న వాళ్ల ఫలితాన్ని మొదటి ప్రయత్నంలో తడుముకోకుండా చెప్పాను. అంతవరకూ సాఫీగానే సాగింది.

అప్పుడు, అంతసేపూ నోరు విప్పని రెండో పరీక్షకుడు ఒక చిన్న ప్రశ్న వేశారు. ఎన్ బిట్లలో ఒక్కటైనా 1 ఉందో లేదో తేల్చడానికి ఎంత సమయం పడుతుంది? ఒకే గడిలో పలు ప్రాసెసర్లు రాయవచ్చంటే ఒక్క అడుగు చాలునని, 1 కనిపించిన ప్రాసెసర్లన్నీ ఫలితపు గడిలో 1 రాస్తాయని చెప్పాను. ఒక గడిలో ఒకేసారి ఒక్క ప్రాసెసరే రాయాలన్న నియమం ఉంటే? ‘2 ఆధారంగా లాగ్ ఎన్ అడుగులు, అంతకు ఒక్కటి కూడా తగ్గదు’ అన్నాను. ఒక్కో అడుగులో ప్రాసెసర్ ఒక్క గడినే చదువుతుంది కాబట్టి దానికి తెలిసిన బిట్ల సంఖ్య అడుగుకు రెట్టింపు కన్నా పెరగదని కారణం కూడా చెప్పాను. ఈ వాదన నాకు ఎవరో ఇచ్చిన క్లాసు నోట్సులోది. ఆ నోట్సు రాసినవారి మీద కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

‘అయితే ఐదు గడులు గీసి, రెండు అడుగుల్లో చేయండి’ అన్నారాయన. రెండు అడుగుల్లో నాలుగు బిట్లకు మించి కుదరదని నేను పట్టుబట్టాను. ‘కుదరదని మీరు నిరూపించారు కదా, గీయడానికి జంకెందుకు?’ అని సుద్దముక్క నా చేతికిచ్చారు. పావుగంట సేపు బోర్డు ముందు నిలబడి, గీసిందే చెరిపి, చెరిపిందే మళ్లీ గీశాను. గదిలో మిగిలినవారు తలలు వంచుకుని తమ కాగితాల్లోకి చూసుకుంటున్నారు. చివరికి ఆయనే లేచి వచ్చి మూడు ప్రాసెసర్లతో తేల్చేశారు.

మొదటి అడుగులో ఒక ప్రాసెసర్ రెండో గడిని చదువుతుంది. అందులో 1 ఉంటే మొదటి గడిలో 1 రాస్తుంది, 0 ఉంటే ఏమీ రాయకుండా ఊరుకుంటుంది. అది మొదటి గడిని చదవనే లేదు, అయినా ఆ గడిలో ఇప్పుడు రెండు బిట్ల సమాచారం ఉంది. మరో ప్రాసెసర్ ఇదే పద్ధతిలో ఐదో బిట్టును నాలుగో గడిలో కలుపుతుంది. మూడోది మూడో గడిని చదివి గుర్తుంచుకుంటుంది, అంతే. రెండో అడుగులో ఆ మూడోదే నాలుగో గడిని చదివి, తనకు తెలిసిన మూడు బిట్లలో ఎక్కడైనా 1 ఉంటే మొదటి గడిలో 1 రాస్తుంది. ఐదు బిట్లూ మొదటి గడిలోకి చేరాయి.

నేను చదవడాన్నే లెక్కపెట్టాను. రాయకుండా ఊరుకోవడం కూడా కబురు చేరవేస్తుందని తోచలేదు. ఈ పద్ధతిలో ఒక అడుగుకు 2, రెండు అడుగులకు 5, మూడు అడుగులకు 13 బిట్లు, అంటే ఫిబొనాచ్చి వరుసలో ఒకటి విడిచి ఒకటి చొప్పున, పూర్తవుతాయి. మొత్తం సమయం 2 ఆధారిత లాగ్ ఎన్‌లో దాదాపు 0.72 వంతుకు దిగుతుంది. కుక్, డ్వర్క్, రైషుక్ 1986 పత్రంలోని ఫలితమిది. ప్రాసెసర్లు ఎన్ని ఉన్నా లాగ్ ఎన్ స్థాయి కంటే కిందికి దిగలేమని కూడా వారే అదే పత్రంలో నిరూపించారు. నన్ను ఎక్కువగా కుంగదీసిన విషయమేమిటంటే, ఆ 0.72 అన్న సంఖ్య పత్రం సారాంశంలోనే ఉంది, ఆ పత్రం నా జాబితాలోనూ ఉంది. కింది హద్దు ఒక్కటి ఏరుకుని మిగతాది వదిలేసిన తప్పు పూర్తిగా నాదే.

ఆ తరువాత రెండు నెలలు ఆ కింది హద్దు నిరూపణతోనే గడిపాను. రాయని ప్రాసెసర్లను కూడా లెక్కలోకి తీసుకోవడమే అందులోని కష్టం. ఒక గడిలో ఇప్పుడు ఎవరూ రాయకపోయినా, ఏదో ఒక బిట్టు మారితే రాయగలిగే ప్రాసెసర్లు అనేకం ఉండవచ్చు. అయితే వాటిలో ఒకదాని బిట్టు మరొకదాన్ని ప్రభావితం చేయని జంట ఉంటే, ఆ రెండు బిట్లనూ కలిపి మార్చినప్పుడు రెండూ ఒకే గడిలో రాయబోయి నియమం ఉల్లంఘిస్తాయి. అందుకే అలాంటివాటి సంఖ్యకు హద్దు ఏర్పడుతుంది. నాలుగోసారి చదివినప్పుడు గానీ ఇది నాకు పట్టుబడలేదు.

నిన్న అదే పరీక్షకుడు అదే ప్రశ్న వేశారు. ఐదు గడులూ గీశాను. ఆయన అడగకముందే నోమ్ నిసాన్ 1989 ఫలితానికి వెళ్లాను. ఇన్‌పుట్‌లో ఒకదానితో ఒకటి కలవని ఎన్ని బిట్ల గుంపులను విడివిడిగా తిరగేస్తే జవాబు మారుతుందో, ఆ సంఖ్యకు లాగరిథమే ఈ నమూనాలో పట్టే సమయాన్ని స్థిరగుణకం తేడాతో నిర్ణయిస్తుంది. గుంపుల బదులు ఒక్కో బిట్టునే తిరగేసి లెక్కించినా చాలునని 2019లో హావో హువాంగ్ నిరూపణతో తేలిందని కూడా జోడించాను. గొప్ప చెప్పుకుంటున్నాననుకున్నా సరే, ఆ పూట గదిలో ఆ మాట ఎత్తింది నేనొక్కడినే.

ఆయన నవ్వలేదు, మెచ్చుకోనూ లేదు. ‘పదమూడు బిట్లకు గీయగలరా?’ అని మాత్రం అడిగారు. బోర్డు సగం నిండేసరికి చాలన్నారు. ఉత్తీర్ణత పత్రం మీద సంతకాలన్నీ పడ్డాయి. దాన్ని కార్యాలయంలో ఇవ్వబోతే, ఇది పాత ఫారం అన్నారు.