మా గ్యారేజీలో చికో బీరు

అమ్మతో ఫోన్లో మాట్లాడుతూ నోరు జారాను. "ఇవాళ బీరు కాస్తున్నానమ్మా, సాయంత్రం చేస్తా" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత మెల్లగా, "సారా కాయడమేంట్రా అమెరికా వెళ్ళి?" అంది.

సారా కాదు, బీరే. ఇక్కడ అది తప్పూ కాదు. 1978లో ప్రెసిడెంట్ కార్టర్ సంతకం పెట్టిన చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా కాచుకోవచ్చు, అమ్మకూడదంతే. ఇదంతా అమ్మకి చెప్పాను. "సరే, పక్కింటివాళ్ళకి తెలియనివ్వకు" అంది.

నేను కాపీ కొట్టాలనుకున్నది సియెరా నెవాడా పేల్ ఏల్ అనే బీరుని. మేముండేది కాలిఫోర్నియాలో శాక్రమెంటో దగ్గర ఒక ఊళ్ళో, అది తయారయ్యే చికో ఊరు కారులో గంటన్నర. హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్ళూ బీరంటే నాకు చల్లదనమే తప్ప రుచి తెలీదు. ఇక్కడికొచ్చిన కొత్తలో ఆఫీసులో ఒకాయన ఆకుపచ్చ లేబుల్ సీసా చేతిలో పెట్టాడు. మూత తీయగానే దబ్బకాయ తొక్క గోటితో గిల్లిన వాసన. వెనకాలే కాస్త పూల వాసన, ఆ తర్వాత నాలిక మీద నిలబడే చేదు. కాకరకాయ ఇష్టపడేవాడికి ఆ చేదు నచ్చకుండా ఉంటుందా?

కొనుక్కుంటే పోయేదానికి ఇదంతా ఎందుకని మా ఆవిడ అడిగింది. నిజమే, గుండిగ, బర్నరు, చల్లార్చడానికి రాగి గొట్టం చుట్ట, సీసాలకి మూతలు బిగించే మర, అన్నీ కలిపి లెక్కేస్తే కొనుక్కోవడమే చవక. నా దగ్గర జవాబు లేదు.

ఈ బీరులో దాచిన రహస్యమంటూ పెద్దగా లేదు. ఆల్కహాల్ 5.6 శాతం, చేదు కొలత 38 అని కంపెనీయే చెప్తుంది. మాల్టు రెండు రకాలు: మామూలు పేల్ మాల్టు, కొంచెం కారమెల్ మాల్టు. వాసనంతా కేస్కేడ్‌ది. బీరుకి చేదూ వాసనా ఇచ్చే హాప్ అనే తీగ పువ్వుల్లో అదొక రకం. కంపెనీ పెట్టిన కెన్ గ్రాస్‌మన్ మొదట మనలాంటివాడే. 1976లో చికోలో ఇంట్లో బీరు కాచుకునేవాళ్ళకి సామాన్లమ్మే కొట్టు పెట్టాడు. 1980లో పాత డెయిరీ సామాన్లు అతికించుకుని బ్రూవరీ మొదలుపెట్టాడు. అందుకే ఇదేదో సులువుగా అయిపోతుందనుకున్నాను. వంటకం పుస్తకంలో ఉన్నంత మాత్రాన పులిహోర అమ్మ చేసినట్టు రాదు కదా, ఆ ఇంగితం అప్పుడు లేకపోయింది.

19 లీటర్లకి నేను వాడిన కొలతలు ఇవి. పేల్ మాల్టు నాలుగున్నర కిలోలు, కారమెల్ మాల్టు (రంగు కొలత 60) 350 గ్రాములు. చేదుకి మాగ్నమ్, పెర్ల్ హాప్స్ చెరో 14 గ్రాములు. వాసనకి కేస్కేడ్ మొత్తం 84 గ్రాములు.

మాల్టు అంటే కొత్తేమీ కాదు. రాగుల్ని మొలకెత్తించి, ఎండబెట్టి, మర పట్టిస్తే రాగి మాల్టు. ఇక్కడ రాగుల బదులు బార్లీ. మొలక వచ్చేటప్పుడు గింజలో పుట్టే ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా విరగ్గొడతాయి. వాటికి 67 డిగ్రీల వేడి సుఖంగా ఉంటుంది. 28 లీటర్ల నీళ్ళు 70 దాటేదాకా కాచి, గుడ్డ సంచిలో పోసిన మాల్టు అందులో ముంచి, గుండిగకి పాత బొంత చుట్టి గంటసేపు వదిలేశాను. మూత తీస్తే గ్యారేజీ అంతా హార్లిక్స్ వాసన. మా అమ్మాయి గరిటెతో కొంచెం రుచి చూసి ఇంకోసారి అడిగింది. అప్పటికది ఉత్త తీపి నీళ్ళే లెండి, వోర్ట్ అంటారు.

సంచి పైకెత్తి పిండేశాక తొమ్మిది కిలోల తడి పిప్పి మిగిలింది. మా ఊళ్ళో అయితే గేదె ఎదురొచ్చి తినేది. ఇక్కడ చెత్తబుట్టలో వేశాను. రెండో రోజుకి ఎండకి పులిసి ఎంత కంపు కొట్టిందంటే, పక్కింటివాళ్ళకి తెలియకుండా దాచడం ఇక కుదరలేదు.

తర్వాత గంటసేపు మరగబెట్టాలి. మొదటి హాప్స్ వేసిన క్షణం జాగ్రత్తగా ఉండాలని చదివాను, చదివి మర్చిపోయాను. మాగ్నమ్ గుళికలు అలా పడ్డాయో లేదో, నురగ పాలపొంగులా లేచి గుండిగ అంచు దాటి బర్నరు మీద పడింది. మంట ఆరిపోయి, కాంక్రీటు మీద జిగట పాకం. చేతికి దొరికిన చీపురుతోనే నురగని కొట్టాను. (చీపురు కొత్తదే.) పెర్ల్ అరగంట మిగిలుండగా పడుతుంది. కేస్కేడ్ మాత్రం పది నిమిషాలుండగా 28 గ్రాములు, పొయ్యి ఆర్పాక 56 గ్రాములు. ముందే వేస్తే చేదు దిగుతుంది కానీ వాసన ఆవిరైపోతుంది. పోపు చివర్లో ఇంగువ వేసినట్టే.

చల్లార్చాక, చక్కెరని ఆల్కహాల్‌గా మార్చే ఈస్ట్ వేసి పులియబెట్టి, సీసాల్లో నింపాను. మొదటి విడత చూడటానికి అచ్చం చికో బీరే. తేనె రంగు, తెల్లటి నురగ. నోట్లో పోసుకుంటే డెట్టాల్.

డెట్టాల్ అన్నది ఊరికే పోలిక కోసం కాదు. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. అది మాల్టులోంచి, ఈస్ట్‌లోంచి వచ్చే ఫినాల్స్ అనే పదార్థాలతో కలిస్తే క్లోరోఫినాల్స్ పుడతాయి. డెట్టాల్‌లో ఉండే మందు క్లోరోక్సైలెనాల్ కూడా ఆ కుటుంబానిదే. నాలికకి తెలియడానికి అది పిసరంత చాలు. ముందు రోజు రాత్రి నీళ్ళలో క్లోరిన్‌ని పోగొట్టే క్యామ్‌డెన్ బిళ్ళ అర ముక్క నలిపి వేసుంటే సరిపోయేది. బిళ్ళ ఖరీదు కొన్ని సెంట్లు. నేను 48 సీసాలు సింకులో ఒంపాను. ఒక్కొక్క మూతా తీస్తుంటే మా ఆవిడ ఏమీ అనకుండా పక్కన నిలబడింది, అదే ఎక్కువ బాధపెట్టింది.

రెండో విడత జూన్‌లో. బిళ్ళ వేశాను, నురగ దగ్గర కాపలా కాశాను, రాగి చుట్టలో చల్లనీళ్ళు తిప్పి అరగంటలో చల్లార్చాను, యూఎస్-05 ఈస్ట్ ప్యాకెట్ చల్లాను. చక్కెర ఎంతుందో చెప్పే హైడ్రోమీటర్ 1.053 చూపించింది, ఎంత ఉండాలో అంతే. గ్యారేజీలో పెట్టి నిశ్చింతగా పడుకున్నాను. తెల్లారేసరికి, గ్యాస్‌ని బయటికి వదిలే ఎయిర్‌లాక్ ప్రెషర్ కుక్కర్‌లా గోల చేస్తోంది. రెండు రోజుల్లో ఆ హడావిడంతా అయిపోయింది. అంత త్వరగా అయిపోయిందని సంతోషించాను కూడా.

అక్కడే తప్పాను. గ్యారేజీలో 30 డిగ్రీలుంది. ఈస్ట్ పని చేసేటప్పుడు దాని వేడి దానికి తోడవుతుంది. ఆ వేడిలో ఈస్ట్ తిని పారేసే హడావిడిలో పడి పండు వాసనలూ ఘాటు ఆల్కహాల్సూ వదులుతుంది. బీరులో మాగిన అరటిపండు, దాని వెనక నెయిల్ పాలిష్. రెండు గ్లాసులకే మర్నాడు తల పగిలిపోయింది. పైగా సీసాల్లోకి పైనుంచి బుడబుడమని ఒంపడంతో గాలి కలిసి, నెలకల్లా హాప్స్ వాసన పోయి తడిసిన అట్టపెట్టె వాసన మిగిలింది.

ఇడ్లీ పిండి పులవడానికి వెచ్చటి చోటు వెతికే మనకి, దీన్ని చల్లగా పులియబెట్టాలంటే మనసొప్పదు. ఈ బీరుకి 18 నుంచి 20 డిగ్రీలు దాటకూడదు. దానికోసం ఇంకో ఫ్రిజ్ కొంటానంటే ఇంట్లో ఉండనివ్వరు. అప్పుడు మా ఊరి చలివేంద్రం గుర్తొచ్చింది, తడి గోనెపట్టా చుట్టిన కుండలు. డ్రమ్ముని బట్టల గది మూలకి మార్చి, నీళ్ళ టబ్బులో కూర్చోబెట్టి, దానికి నా పాత టీషర్టు తొడిగి, ముందు టేబుల్ ఫ్యాన్ పెట్టాను. టీషర్టు అంచు నీళ్ళలో మునిగి ఉంటే తడి దానంతటదే పైకి పాకుతుంది. ఇంట్లో ఏసీ 24లో ఉన్నా, పొద్దున ఒకటీ రాత్రి ఒకటీ గడ్డకట్టిన నీళ్ళ సీసా టబ్బులో వేస్తూ డ్రమ్ముని 19 దగ్గర ఆపాను.

మూడో విడతకి ఇంకో చాదస్తం కూడా చేశాను. చికో సీసా అడుగున పల్చగా ఒక పొర ఉంటుంది. అది బతికున్న ఈస్ట్, వాళ్ళు సీసాలోనే గ్యాస్ పుట్టించే పద్ధతి వల్ల మిగిలేది. నాలుగు సీసాల అడుగు మిగుల్చుకుని, 300 మిల్లీలీటర్ల నీళ్ళలో 30 గ్రాముల ఎండు మాల్టు పొడి మరిగించి చల్లార్చి అందులో ఒంపాను. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజూ లేదు. మూడో రోజు పొద్దున ఫ్లాస్కు ఊపితే బుస్సుమంది. దాన్ని లీటరున్నరకి పెంచి వాడాను. ఫ్లాస్కు వంటింట్లో ఇడ్లీ పిండి పక్కనే ఉండేది. "ఇది దాంట్లో గానీ కలిసిందో..." అని మా ఆవిడ వాక్యం పూర్తి చేయలేదు. తర్వాత తెలిసిందేమంటే, నేను అంతకుముందు వాడిన యూఎస్-05 ప్యాకెట్ కూడా చికో వంశానిదేనట.

ఈసారి పులవడం ఆరు రోజులు పట్టింది. రెండు వారాలయ్యాక హైడ్రోమీటర్ 1.011కి దిగి ఆగింది. సీసాలో గ్యాస్ పుట్టడానికి 115 గ్రాముల పంచదార పాకం కలిపి, గొట్టం సీసా అడుగుదాకా దించి, చప్పుడు లేకుండా నింపాను. మళ్ళీ రెండు వారాలు ముట్టుకోలేదు. అంటే, ఒక్కటి మాత్రం తీశాను.

తర్వాత శనివారం ఐదుగురు స్నేహితుల్ని పిలిచాను. తలా మూడు గ్లాసులు, రెండిట్లో ఒకే బీరు (నాదో, చికోదో), మూడో దాంట్లో వేరేది. తేడాగా ఉన్నదేదో పట్టుకోవాలి. ఇద్దరు పట్టుకున్నారు, ముగ్గురు తప్పారు. కళ్ళు మూసుకుని చెప్పినా ఇంచుమించు అంతమందే సరిగ్గా చెప్తారు. చివర్లో మా ఆవిడ నాకూ మూడు గ్లాసులు పెట్టింది. నేను వేరేదాన్ని ఠక్కున పట్టేశాను. "వీటిలో కంపెనీది ఏది మరి?" అని అడిగింది. కాస్త వాసన చూసి, గర్వంగా ఒకటి చూపించాను. అది నాది.

పక్కపక్కన పెట్టి వెలుతుర్లో చూస్తే నాది కొంచెం మసక, ఒక పిసరు ముదురు రంగు. ఈసారి కారమెల్ మాల్టు 50 గ్రాములు తగ్గించాలి.

ఆ రాత్రి అమ్మకి వీడియో కాల్‌లో గ్లాసు చూపించాను. "పానకంలా ఉందే" అంది. వెనకనుంచి నాన్న కళ్ళజోడు సర్దుకుంటూ దగ్గరికొస్తున్నాడు. అమ్మ ఫోను అటు తిప్పలేదు.