మర్రే అవెన్యూ, ఇంటి నంబరు 887

కెనడాలో క్యుబెక్ సిటీకి వెళ్ళేవాళ్ళంతా కోట గోడలు, షాతో ఫ్రాంతెనాక్ హోటల్ చూడ్డానికి వెళ్తారు, నేను మాత్రం ఒక మామూలు అపార్ట్‌మెంట్ చూడాలని మాంట్రియల్ నుంచి మూడు గంటలు బస్సులో వెళ్ళాను. రంగస్థల దర్శకుడు, నటుడు రొబేర్ లెపాజ్ 1960లలో పెరిగిన ఇల్లు అది.

2015 వేసవిలో టొరంటోలో ఆ ఇంటి మీద ఆయన చేసిన '887' అనే నాటకం మొదటిసారి ఆడినప్పుడు చూశాను. రాసిందీ, డైరెక్ట్ చేసిందీ, ఒంటరిగా ఆడిందీ ఆయనే. స్టేజీ మీద ఆ బిల్డింగ్ నమూనా నిలబడి ఉంటుంది, ఒక్కో కిటికీలో వీడియో వెలుగుతుంటే అరచేయంత గదుల్లో ఇరుగుపొరుగు వాళ్ళు తిరుగుతుంటారు. అది తిరిగి తెరుచుకుంటే ఆయన ఇప్పటి వంటగది! చేతిలో ఫోన్ పట్టుకుని ఆ బుల్లి బొమ్మల్ని తీస్తుంటే అవి తెర మీద పెద్దవవుతాయి. ఇంత టెక్నాలజీ ఉన్నా ఎక్కడా హోరు లేదు, మన తోలుబొమ్మలాటలో తెర వెనక దీపం ఎంత పని చేస్తుందో అంతే.

కథంతా జ్ఞాపకం గురించే. టాక్సీ నడిపే నాన్న, మతిమరుపు వచ్చిన నానమ్మ. మిషెల్ లాలోండ్ 1968లో రాసిన 'స్పీక్ వైట్' అనే కవిత సభలో చదవాలి, ఆయనకేమో ఎంతకీ కంఠతా రావడం లేదు. 'స్పీక్ వైట్' అంటే ఫ్రెంచ్ మాట్లాడేవాళ్ళని ఇంగ్లీషులో మాట్లాడమని కసిరే తిట్టు. చివర్లో ఆ కవిత మొత్తం ఆయన గొంతులో వింటుంటే, స్కూల్లో తెలుగు మాట్లాడినందుకు బెంచీ ఎక్కి నిలబడ్డ రోజు గుర్తొచ్చి నాకు ఏడుపాగలేదు.

క్యుబెక్‌లో ముందు 2019లో ఆయన తెరిపించిన థియేటర్ ల దియమాన్ చూశాను. రేవు దగ్గర ధాన్యం నిలవచేసే సైలోల దగ్గరికీ వెళ్ళాను. 2008లో నగరానికి 400 ఏళ్ళు నిండినప్పుడు 600 మీటర్ల పొడవున్న ఆ సైలోల గోడ మీద ఊరి చరిత్రంతా వెలుగుబొమ్మలుగా వేసింది ఈయన బృందమే, అప్పట్లో చూడలేకపోయానని ఇప్పటికీ బాధే.

మర్రే అవెన్యూకి నడిచే వెళ్ళాను. వీధిలో ఆగి ఉన్న కార్లన్నిటి నంబర్ ప్లేట్ల మీదా ఆ రాష్ట్రం నినాదం, 'నాకు గుర్తుంది' అని. ఇంటి ముందు కాసేపు నిలబడి కిటికీలు చూశాను. ఫొటో తీయబుద్ధి కాలేదు, లోపల ఎవరో కాపురం ఉంటున్నారు కదా.

చిన్నప్పుడు గుంటూరులో మేమున్న అద్దింటి నంబరు ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. అమ్మకి ఫోన్ చేశాను, అక్కడ రాత్రి పదిన్నర. "ఈ వేళప్పుడు అదెందుకురా" అంటూనే నంబరు చెప్పేసి, ఏ వాటాలో ఎవరుండేవాళ్ళో వరసగా చెప్పుకుంటూ పోయింది.